స్త్రీ పురుష భేదాలపై నమ్మకాలు: సమాజం, శాస్త్రం, హైదరాబాదులోని మూడు పేటలు

ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ బుద్ధిలో, బలంలో, స్వభావంలో, చేయగల పనుల్లో తేడా ఎంత అన్న విషయంపై ప్రతి సమాజానికీ కొన్ని గట్టి అభిప్రాయాలుంటాయి. తేడాలు ఒక సంగతి, వాటి గురించిన నమ్మకాలు మరో సంగతి. తేడాను కొలవవచ్చు. నమ్మకం మాత్రం కొలతకు ముందే పుట్టి, ఇంట్లో పెరిగి, బడిలోనూ ఉద్యోగంలోనూ గట్టిపడుతుంది. శాస్త్రం ఒక కాలంలో ఆ నమ్మకాలకు సాక్ష్యం పలికింది, మరో కాలంలో తన సాక్ష్యాన్ని తానే సరిదిద్దుకుంది.

హైదరాబాదు నడిబొడ్డున పక్కపక్కనే ఉన్న నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ పేటల్లో ఈ చరిత్రను దగ్గరగా చూడవచ్చు. నారాయణగూడ ఆడపిల్లల బడికి, చిక్కడపల్లి గ్రంథాలయానికి, అశోక్‌నగర్ పోటీ పరీక్షల శిక్షణకు పేరుపొందాయి. చదవగలరా, ఆలోచించి రాయగలరా, అధికారం చేయగలరా అని తెలుగు సమాజం స్త్రీలను వరుసగా అడుగుతూ వచ్చిన మూడు ప్రశ్నలకు ఈ మూడు పేటలూ జవాబు చెప్పిన చోట్లు.

భాషలో నిలిచిన నమ్మకాలు

నమ్మకాలకు మొదటి ఇల్లు మాట. "ఆడది తిరిగి చెడుతుంది, మగవాడు తిరక్క చెడతాడు" అన్న సామెత వీధిని మగవాడికి, గడపను ఆడదానికి పంచి ఇచ్చింది. "నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదు" అన్నది ఇద్దరినీ కట్టేసింది: ఒకరికి నవ్వు లేదు, ఇంకొకరికి ఏడుపు లేదు. ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్లే గాని 'ఈడ' పిల్ల కాదనడం పుట్టింట్లో ఆమె హక్కును మాటల ఆటతో తుడిచేసింది. చురుకైన అమ్మాయిని మగరాయుడని, మెత్తని అబ్బాయిని ఆడంగి అని పిలవడం గీత దాటినవారికి వేసే శిక్ష.

తెలుగు వ్యాకరణం కూడా ఇక్కడ గమనించదగినది. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం నామవాచకాలను మహత్తులు, అమహత్తులు అని విభజించింది. ఏకవచనంలో పురుషుడు మహత్తు. స్త్రీ, పశుపక్ష్యాదులు, వస్తువులు అమహత్తులు. అందుకే "అతడు వచ్చాడు" అంటాం గాని, ఆమె వచ్చినా ఆవు వచ్చినా బండి వచ్చినా క్రియ ఒక్కటే: "వచ్చింది". బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో కలిసి "వచ్చారు" అవుతారు. తమిళ, కన్నడాల్లో స్త్రీకి ఏకవచనంలోనూ వేరే క్రియారూపం ఉంది. అంతమాత్రాన ఆ భాషల సమాజాల్లో స్త్రీల స్థితి మనకంటే మెరుగని చెప్పలేం. వ్యాకరణం ఆలోచనను శాసిస్తుందనడానికి ఇది ఆధారం కాదు. అయితే గౌరవం చూపాలనుకున్నప్పుడు తెలుగువారు ఒక్క స్త్రీకి కూడా "వచ్చారు" అనే బహువచనాన్నే వాడుకుంటారు. లోటున్న చోట మర్యాదే దారి వెతుక్కుంది.

నారాయణగూడ: చదువు ఎవరికి, ఏ చదువు

నిజాం రాష్ట్రంలో పాలనా భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. తెలుగు ఇళ్ళ ఆడపిల్లలకు చదువు రెండు అడ్డంకుల అవతల ఉండేది: పరాయి భాష ఒకటి, ఆడపిల్లకు చదువెందుకన్న మాట రెండోది. 1928లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల స్థాపించి ఈ రెండింటినీ ఒకేసారి ఎదుర్కొన్నారు. నారాయణగూడలో నిలదొక్కుకున్న ఆ బడి నేటికీ ఆయన పేరుతోనే ప్రసిద్ధం. ఆంధ్ర పితామహుడిగా పేరుపొందిన మాడపాటి 1951లో హైదరాబాదు మేయర్ అయ్యారు. బడి పుట్టిన రెండేళ్ళకు, 1930లో, జోగిపేటలో ఆంధ్ర మహాసభతో పాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ జరిగింది.

తెలుగులో చదివిన బాలికలకు గుర్తింపు కావాలి గనుక ఈ బడి మహారాష్ట్రలో సంఘ సంస్కర్త కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. 1916లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం మాతృభాషలో బోధనను ఆదరించింది. కానీ దాని వెనుక మరో ఆలోచన కూడా ఉంది. జపాన్‌లోని మహిళా విశ్వవిద్యాలయం గురించి చదివి స్ఫూర్తి పొందిన కర్వే, స్త్రీల జీవితం వేరు గనుక వారి చదువూ కొంత వేరుగా ఉండాలనుకున్నారు. గృహశాస్త్రం, ఆరోగ్యశాస్త్రం ఆ పాఠ్యప్రణాళికలో ముఖ్యమయ్యాయి. అంటే ఆడపిల్లకు తలుపు తెరిచినవారు కూడా లోపల ఆమె కోసం వేరే గది అమర్చారు. అదే 1928లో మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్. కేసరి ప్రారంభించిన స్త్రీల పత్రిక పేరు 'గృహలక్ష్మి'. ఆ తరం సంస్కర్తల కృషిని ఇది తక్కువ చేయదు. నమ్మకం ఒక్క దెబ్బకు కూలదని, అంచెలంచెలుగా జరుగుతుందని తెలియజేస్తుంది.

'ఆడపిల్లల సబ్జెక్టులు' అన్న ఊహ స్వాతంత్ర్యం తర్వాతా కొనసాగింది. 1958లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన స్త్రీ విద్యపై జాతీయ సంఘం ఏర్పడింది. ఆ తర్వాత హంసా మెహతా సంఘం బాలబాలికలకు వేర్వేరు పాఠ్యప్రణాళికలు అవసరం లేదని తేల్చింది. నారాయణగూడలోనే 1954లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల మొదలైంది. ఇవాళ ఈ పేటలో ఇంటర్ చదివే పిల్లలు వేల సంఖ్యలో కనిపిస్తారు. అయినా అబ్బాయికి ఎంపీసీ, అమ్మాయికి బైపీసీ నప్పుతాయన్న సలహా చాలా ఇళ్ళలో ఇంకా వినిపిస్తూనే ఉంది.

2011 జనగణన ప్రకారం నేటి తెలంగాణ ప్రాంతంలో పురుషుల అక్షరాస్యత 75.04 శాతం, స్త్రీలది 57.99 శాతం. ఈ 17 శాతం అంతరంలో బుద్ధికి సంబంధించింది ఏమీ లేదు. బడికి పంపామా లేదా అన్నదొక్కటే ఆ అంకె చెప్పే సంగతి.

శాస్త్రం పలికిన సాక్ష్యం

19వ శతాబ్దపు యూరప్‌లో స్త్రీలకు ఉన్నత విద్య కావాలన్న మాట వినబడగానే, కాదనడానికి కొందరు శాస్త్రాన్ని ఆశ్రయించారు. ఫ్రాన్స్‌లో పాల్ బ్రోకా శవపరీక్షల్లో మెదళ్ళు తూచి, స్త్రీల మెదడు సగటున 181 గ్రాములు తక్కువని లెక్కకట్టాడు. శరీరం చిన్నదైతే మెదడూ చిన్నదవుతుందని ఆయనకు తెలుసు. అయినా స్త్రీలకు తెలివి తక్కువన్నది ముందే తెలిసిన విషయంగా భావించి ఆ సవరణ పూర్తిగా చేయలేదు. 1873లో బోస్టన్ వైద్యుడు ఎడ్వర్డ్ క్లార్క్ ఎక్కువ చదువు ఆడపిల్లల గర్భాశయానికి చేటని పుస్తకం రాశాడు. బ్రోకా తూకం నిజమే, క్లార్క్ చెప్పిన రోగుల మాటలూ నిజమే కావచ్చు. వాటి నుంచి లాగిన తీర్పు మాత్రం ఆ కాలపు సమాజానిది.

ఆ తప్పును దిద్దింది కూడా కొలతే. ఈసారి కొలిచినవారిలో స్త్రీలున్నారు. అమెరికన్ వైద్యురాలు మేరీ పట్నం జాకోబీ బహిష్టు రోజుల్లో స్త్రీల ఆరోగ్యంపై సమాచారం సేకరించి, ఆ రోజుల్లో విశ్రాంతి తప్పనిసరి అన్న వాదన నిలవదని చూపింది. 1876లో ఆమె వ్యాసానికి హార్వర్డ్ బహుమతి దక్కింది. 1914లో లీటా హాలింగ్‌వర్త్ స్త్రీలకు రోజూ పరీక్షలు పెట్టి, బహిష్టు వల్ల వారి మానసిక సామర్థ్యం తగ్గడం లేదని నిరూపించింది.

మన దగ్గర ఈ చర్చకు జవాబు పనిలోనే వచ్చింది. 1880లలో ఎడ్వర్డ్ లారీ నడిపిన హైదరాబాదు వైద్య పాఠశాలలో స్త్రీలకు ప్రవేశం దొరికింది. అక్కడ చదివిన రూపాబాయి ఫర్దూన్జీ క్లోరోఫాం ఇచ్చి శస్త్రచికిత్సలకు సాయపడింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను పేర్కొంటారు. మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన అయ్యలసోమయాజుల లలిత 18 ఏళ్ళకే, నెలల పాపతో వైధవ్యం పొందింది. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఆచార్యుడు. ఆయన ప్రోత్సాహంతో అక్కడే చదివి, 1940లలో భారతదేశపు తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు అయింది. ఆ కాలేజీ పట్టాలు పురుషుల కోసమే అచ్చయ్యాయి గనుక, ఆమె పట్టాలో 'అతడు' అన్న ఇంగ్లీషు మాటను కొట్టేసి 'ఆమె' అని చేత్తో రాసి ఇచ్చారు.

నేటి శాస్త్రం తేల్చినది

లింగ నిర్ణయం జీవ ప్రక్రియ అన్నది తిరుగులేని సత్యం. మనుషుల్లో వై క్రోమోజోముపై ఉన్న ఎస్ఆర్‌వై జన్యువు వృషణాల అభివృద్ధికి మీట నొక్కుతుందని 1990లో తేలింది. అయితే ప్రకృతిలో ఇదొక్కటే పద్ధతి కాదు. పక్షుల్లో, చాలా పాముల్లో రెండు రకాల లింగ క్రోమోజోములు ఉండేది ఆడ జీవికే. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు సంచాలకుడిగా పనిచేసిన లాల్జీ సింగ్ కట్లపాము జాతిలో ఆడపాముల లింగ క్రోమోజోముపై పేరుకుని ఉండే డీఎన్ఏ వరుసలను పరిశోధించారు. దేశంలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతికి అదే పునాది అయింది.

శరీరంలో సగటు తేడాలు స్పష్టం. ఎత్తు, భుజబలం, విసిరే వేగం పురుషులకు సగటున ఎక్కువ. బుద్ధి, స్వభావాల దగ్గరికి వచ్చేసరికి చిత్రం మారుతుంది. 2005లో జానెట్ హైడ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 46 పరిశోధనా సమీక్షలను కలిపి చూస్తే, లెక్కకు వచ్చిన తేడాల్లో 78 శాతం చాలా చిన్నవి లేదా దాదాపు శూన్యం. ఒక బొమ్మను మనసులో తిప్పి చూసే నేర్పు వంటి కొన్నింటిలో మధ్యస్థమైన తేడా కనిపిస్తుంది. 2015లో డాఫ్నా జోయల్ బృందం 1,400కు పైగా మెదళ్ళ చిత్రాలను పరిశీలించింది. చాలా మెదళ్ళలో స్త్రీలలో ఎక్కువగా కనిపించే లక్షణాలు, పురుషులలో ఎక్కువగా కనిపించేవి కలగలిసే ఉన్నాయి. ఈ నిర్ణయంపై శాస్త్రవేత్తల మధ్య వాదం సాగుతోంది. కొన్ని లక్షణాలను కలిపి చూస్తే మెదడు ఎవరిదో చాలావరకు ఊహించవచ్చని మరికొందరు చూపారు. రెండు పక్షాలూ ఒప్పుకునేది ఏమంటే, సగటును బట్టి ఒక మనిషి శక్తిని ముందే తేల్చలేం.

సమాజం తేడాను ఎలా పెంచుతుందో మేఘాలయలో జరిగిన పరిశోధన చెబుతుంది. 2011లో ప్రచురితమైన ఆ అధ్యయనం, ఆస్తి కూతురికి వచ్చే ఖాసీలను, కొడుకుకు వచ్చే కార్బీలను పోల్చింది. ఒక బొమ్మ ముక్కలను అమర్చే పరీక్షలో కార్బీ పురుషులు స్త్రీలకంటే వేగంగా చేశారు. ఖాసీలలో ఆ తేడా కనబడలేదు. రెండు తెగలూ పక్కపక్కన బతికేవే.

శరీరం కూడా సమాజం చేతిలో మారుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం, పురుషులలో 25 శాతం రక్తహీనులు. నెలనెలా రక్తం పోవడం, కాన్పులు ఇందుకు జీవ కారణాలు. అందరూ తిన్నాక మిగిలింది తినడం, ఇనుము ఉన్న ఆహారం మగవాడి కంచానికి వెళ్ళడం సామాజిక కారణాలు. ఆమెను 'అబల' అన్న సమాజం ఆ బలం తీసినదాన్ని తన వంటింట్లోనే వెతకాలి.

చిక్కడపల్లి: పుస్తకం, చర్చ

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నించి రాత్రి దాకా కుర్చీ దొరకదు. త్యాగరాయ గానసభ, ఆనుకునే ఉన్న బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఈ ప్రాంతాన్ని సభలకు, పుస్తకాలకు నిలయం చేశాయి. స్త్రీల గురించిన నమ్మకాలను తెలుగులో ప్రశ్నించిన రచనల వరుస మాత్రం ఇంకా వెనక మొదలైంది.

భండారు అచ్చమాంబ 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించారు. స్త్రీలు బలహీనులని, వివేకం లేనివారని, చదివితే చెడిపోతారని అనేవారికి చరిత్ర నుంచి జవాబివ్వడం ఆ పుస్తకం ఉద్దేశాల్లో ఒకటి. ఆమె తమ్ముడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. అక్క పుస్తకం వచ్చిన ఏడాదే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనకు పాటుపడి, తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. తెలుగులో విజ్ఞాన సర్వస్వ వ్యాసం రాసే ప్రతివారికీ ఆ అక్కాతమ్ముళ్ళు పూర్వీకులే. తేదీలతో, పేర్లతో, ఆధారాలతో నమ్మకాన్ని ఎదుర్కోవడం మొదట మొదలుపెట్టింది అక్క.

రుజువు ఉన్నా నమ్మకం మారకపోవడానికి తెలంగాణ సాయుధ పోరాటం పెద్ద ఉదాహరణ. మల్లు స్వరాజ్యం వంటివారు తుపాకీ పట్టి దళాల్లో పనిచేశారు. చాకలి ఐలమ్మ తన పంట కోసం దొరకు ఎదురు నిలిచింది. 1951లో పోరాటం ముగిశాక చాలామంది స్త్రీలను ఇళ్ళకు తిరిగి పొమ్మన్నారు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వారి జ్ఞాపకాలను సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన 'సవాలక్ష సందేహాలు' స్త్రీల శరీరం గురించి డాక్టరు గదిలో అడగలేని ప్రశ్నలకు తెలుగులో సమాధానాలిచ్చింది. 1993లో మొదలైన 'భూమిక' బాగ్‌లింగంపల్లి నుంచి స్త్రీవాద పత్రికగా సాగింది. శాస్త్రం స్త్రీల దగ్గరకు వచ్చింది ఇలాంటి పుస్తకాల ద్వారానే.

అశోక్‌నగర్: పోటీ పరీక్ష ముందు అందరూ సమానమా

"ఉద్యోగం పురుష లక్షణం" అన్న మాట అశోక్‌నగర్ సందుల్లో ప్రతిరోజూ పరీక్షకు నిలబడుతుంది. జిల్లాల నుంచి వచ్చి, హాస్టల్ గదిలో ముగ్గురు నలుగురితో సర్దుకుని, గ్రూప్స్‌కీ ఎస్సైకీ సివిల్స్‌కీ చదివేవారిలో అమ్మాయిలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఓఎంఆర్ పత్రానికి ఆడ మగ తెలియదు. ఎదురుగా కూర్చున్న మనిషికి తెలుస్తుంది. 2022లో తెలంగాణ ప్రభుత్వం గ్రూప్-1, గ్రూప్-2 ఇంటర్వ్యూలు ఎత్తివేయడంలో పక్షపాతానికి ఆస్కారం తగ్గించే గుణం ఉంది.

పత్రం సమానమే గాని, దాని ముందున్న సమయం సమానం కాదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. ఇంటి దగ్గర చదివే అమ్మాయి రోజుకు మూడు గంటలకు పైగా వెనక నుంచి పరుగు మొదలుపెడుతుందన్నమాట. దానికి తోడు హాస్టల్ గేటు మూసే వేళ, రాత్రి నడకకు భయం, ఇంకెన్నాళ్ళు చదువుతావు, పెళ్ళి వయసు దాటిపోతోందని ఇంటి నుంచి వచ్చే ఫోను.

నిజమైన తేడాకూ కల్పిత తేడాకూ గల దూరం పోలీసు నియామకాల్లో కనిపిస్తుంది. మైదానంలో మగవారికి 1,600 మీటర్ల పరుగు, ఆడవారికి 800 మీటర్లు. ఎత్తు ప్రమాణాలు కూడా వేరు. శరీర సగటులు వేరు గనుక ఈ కొలతలకు అర్థముంది. రాత పరీక్షలో మాత్రం ప్రశ్నలు ఒక్కటే, ఎందుకంటే అక్కడ వేరు చేయడానికి కారణమే లేదు.

తెలంగాణలో స్త్రీలకు ఉద్యోగ నియామకాల్లో 33⅓ శాతం రిజర్వేషన్ ఉంది. రాజేశ్ కుమార్ దారియా కేసులో 2007లో సుప్రీంకోర్టు దీన్ని సమాంతర రిజర్వేషన్‌గా లెక్కించాలంది. అంటే తమ వర్గంలో ప్రతిభతోనే ఎంపికైన స్త్రీలను కూడా ఆ వాటాలో కలుపుతారు. తక్కువైతేనే అదనంగా నింపుతారు. తెలంగాణ 2024 ఫిబ్రవరిలో జీవో 3 ద్వారా ఈ పద్ధతికి మారినప్పుడు, స్త్రీలకు దక్కే పోస్టులు తగ్గుతాయన్న ఆందోళన రేగింది. 33⅓ అనేది స్త్రీలకు కనీస హామీనా, గరిష్ఠ పరిమితా అన్నది ఆ చర్చ అడుగున ఉన్న ప్రశ్న. కనీస హామీ అన్నదే న్యాయమైన అర్థం.

2022 సివిల్ సర్వీసు పరీక్షలో మొదటి నాలుగు ర్యాంకులూ స్త్రీలవే. మూడోది తెలంగాణకు చెందిన ఎన్. ఉమాహారతిది. మరుసటి ఏడాది మూడో ర్యాంకు దోనూరు అనన్యారెడ్డిది. శిఖరాన నలుగురు నిలిచినంత మాత్రాన కింద అందరికీ దారి చదునైందని కాదు. ఆడవాళ్ళు ఆ శిఖరం ఎక్కలేరన్న వాదన మాత్రం ఇక చెల్లదు.

అధికారంలోకి వచ్చాక కూడా నమ్మకం వెంటాడింది. పెళ్ళి చేసుకోవాలంటే విదేశాంగ సేవలోని స్త్రీలు అనుమతి పొందాలన్న నియమాన్ని సి.బి. ముత్తమ్మ కేసులో 1979లో సుప్రీంకోర్టు తీవ్రంగా విమర్శించింది. స్త్రీల శరీర పరిమితులు, కుటుంబ బాధ్యతలు చూపి సైన్యంలో శాశ్వత కమిషన్ నిరాకరించడం మూస అభిప్రాయమేనని 2020లో బబితా పునియా కేసులో తేల్చింది.

రెండు గడుల్లో ఇమడనివారు

ఆడ, మగ అన్న రెండే గడులు అందరికీ సరిపోవు. నిజాం రాష్ట్రంలో 1919లో వచ్చిన చట్టం హిజ్రాలను పుట్టుకతోనే నేరస్థులన్నట్లు చూసి, వారి పేర్లు నమోదు చేయించింది. స్త్రీ వేషంలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టుకు వీలిచ్చింది. ఈ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసింది. అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 2014 ఏప్రిల్ 15న, తమ జెండర్‌ను తామే నిర్ణయించుకునే హక్కు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది.

హైదరాబాదులో శిక్షణ పొందిన ఒడిశా పరుగుల క్రీడాకారిణి ద్యుతీ చంద్‌ను ఒంట్లో టెస్టోస్టెరాన్ ఎక్కువుందని 2014లో పోటీలకు దూరం పెట్టారు. 2015లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం చాలినంత శాస్త్రీయ ఆధారం లేదంటూ ఆ నిబంధనలను నిలిపివేసింది. ఆడ, మగ గీత ఎక్కడ గీయాలో శాస్త్రానికే కష్టమైన చోట, ఒక ఆడపిల్ల శరీరాన్ని దోషిగా నిలబెట్టారు.

నమ్మకాలు మారే తీరు

నమ్మకం చిన్ననాటనే నాటుకుంటుంది. 2017లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో 5 ఏళ్ళ ఆడపిల్లలు చాలా తెలివైనవాళ్ళు తమవాళ్ళేనని అబ్బాయిలంత ధీమాగా చెప్పారు. 6, 7 ఏళ్ళకు ఆ ధీమా తగ్గింది. ఆ మధ్యలో విన్న మాటలు పెరిగాయి.

మార్చే మార్గాలూ తెలుస్తున్నాయి. పశ్చిమ బెంగాల్‌లోని 495 గ్రామాల అధ్యయనంలో, రెండు ఎన్నికల పాటు సర్పంచి పదవి స్త్రీలకు కేటాయించిన ఊళ్ళలో పిల్లల భవిష్యత్తుపై ఆశల్లో ఆడ మగ అంతరం కౌమార వయసువారిలో 32 శాతం తగ్గింది. వారి చదువుల్లో అంతరం చెరిగిపోయింది. ఉపన్యాసం కంటే ఊళ్ళో కుర్చీ మీద కూర్చున్న ఒక స్త్రీ ఎక్కువ నేర్పింది.

నారాయణగూడ బడి, చిక్కడపల్లి పుస్తకం, అశోక్‌నగర్ పరీక్ష చూపినదీ ఇదే. చదవలేరన్నది బడి తెరవగానే వీగిపోయింది. రాయలేరన్నది పుస్తకం అచ్చవగానే వీగిపోయింది. ఒక్కోసారి శాస్త్రం ముందు నడిచింది. ఎక్కువసార్లు స్త్రీలు పని చేసి చూపాక శాస్త్రం తన కొలతబద్ద మార్చుకుంది. అందుచేత ఒక తేడాను సహజమని ప్రకటించే ముందు, ఇద్దరికీ ఒకే అవకాశం ఇచ్చి చూశామా అని అడగడం శాస్త్రజ్ఞుడికీ తల్లిదండ్రులకూ ఒకే రకమైన బాధ్యత.

సంస్కృతంలో 'ఉద్యోగం' అంటే ప్రయత్నం. కొలువు అన్న అర్థం తెలుగులో బలపడింది. రాత్రి గ్రంథాలయం మూసే దాకా కూర్చుని, నోట్సు సర్దుకుని, హాస్టల్ గేటు వేళకు అశోక్‌నగర్ వైపు గబగబా నడిచే అమ్మాయి ఆ పాత అర్థాన్ని రోజూ నిజం చేస్తోంది.